పంపిన బొమ్మలు, చూసిన బొమ్మలు

సూర్యాపేటలో మా ఇంటర్నెట్ ఆఫీసు అంటే రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, ఫిర్యాదులు రాసే పుస్తకం, నేను. వెనక గదిలో ఏసీ గాలి, ఆగకుండా గుయ్యిమనే మిషన్లు, గోడకు బిగించిన ఒక తెర. ఆ తెర మీద ఆకుపచ్చ గుట్ట ఒకటి రోజూ లేచి పడుతూ ఉండేది. పొద్దున చిన్న దిబ్బలా మొదలై పొద్దుగూకేసరికి తెర పై అంచును తాకేది. అందం కోసం పెట్టిన బొమ్మ అనుకున్నాను మొదట్లో. ఊరంతా కలిసి ఇంటర్నెట్ ఎంత వాడుతున్నదో అది చూపిస్తుందని తర్వాత తెలిసింది.

మాది గొర్లు కాసే ఇల్లు. నిడమనూరు దగ్గర పుట్టాను, బడి గడప తొక్కలేదు. నా భర్త కాలు దెబ్బతిన్నాక మందను అమ్మేసి సూర్యాపేట వచ్చాం. ఆఫీసులో ఊడ్చే పని మా మరిది ఇప్పించాడు. మా వాడలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రం పెట్టినప్పుడు, నలభై దాటిన వయసులో వెళ్లి కూర్చున్నాను. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన మరుసటి ఏడు, బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది. "ఇంటి నంబర్లు రాస్తవా అమ్మా?" అని సారు అడిగారు. రాస్తానన్నాను. అట్లా చీపురు పక్కన పెట్టి పెన్ను పట్టుకున్నాను.

సారు అంటే మా ఆఫీసు యజమాని. భూములున్న కుటుంబం. మొదట డిష్ కేబుల్ నడిపారు, ఆ తర్వాత కోదాడలో ఒక కంపెనీ నుంచి లైను తెచ్చుకుని ఇంటర్నెట్ మొదలుపెట్టారు. ఆ లైను హైవే పక్కన భూమిలో, మునగాల మీదుగా మా దాకా వచ్చేది. స్తంభాలెక్కి ఇళ్లకు వైర్లు ఇచ్చే పని మా మరిదిది. డిష్ రోజుల నుంచీ అతను సారు దగ్గరే ఉన్నాడు.

తెలంగాణ రావడానికి ముందు, కరెంటు కోతలు బాగా ఉన్న రోజులవి. సాయంత్రమైతే ఫోన్లు ఆగేవి కావు. వీడియో పెడితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుందని, బొమ్మ కదలడం లేదని అందరిదీ ఒకటే మాట. లైను వెడల్పు చెయ్యమని సారు కోదాడ కంపెనీని అడిగారు. ముందు ఏది ఎంత పోతున్నదో కొలుద్దాం అని వాళ్లు ఒక ఇంజనీరును పంపారు. మెత్తగా మాట్లాడే మనిషి. వచ్చిన రోజే గుట్టను రెండు రంగులుగా విడదీశాడు. వీడియోది ఎరుపు, మిగతాదంతా ఆకుపచ్చ.

"ఎవరు ఏం సూస్తున్నరో మీకు తెలుస్తదా సారూ?" అని అడిగాను, టీ ఇస్తూ.

"తెలియదమ్మా. పోస్టాఫీసులో కవరు విప్పకుండానే ముద్ర చూసి ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్తారు కదా, అలాగన్నమాట. వీడియోలుండే చోటు నుంచి వచ్చిందా లేదా, ఎంత వచ్చింది, అంతవరకే నాకు కనిపిస్తుంది."

అతను ఊరిని వాడలుగా విడదీసి ఒక్కో వాడకు ఒక్కో గుట్ట కనిపించేట్టు పెట్టాడు. అన్నిటికంటే ఎర్రగా లేచింది మా వాడది. సాయంత్రం లేస్తే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. అది మధ్యాహ్నం లేచింది. మగవాళ్లు పనుల్లో, పిల్లలు బడిలో ఉండే వేళ.

సారు తెర ముందు నిలబడి చాలాసేపు చూశారు. "పట్టపగలు గింత వీడియో ఎవలు సూస్తున్నరయ్యా గాడ?"

"నేను కొలత చెప్పగలనండి. కారణం చెప్పలేను," అన్నాడు ఇంజనీరు.

"కారణం నాకెరుకే," అన్నారు సారు.

ఆయన అనుమానం ఎక్కడిదో నాకు వెంటనే అర్థమైంది. డిష్ రోజుల్లో లైన్‌మెన్‌లు చుట్టాల ఇళ్లకు ఊరికే వైరు లాగి ఇవ్వడం ఊరూరా ఉన్నదే. పక్కింటి నుంచి మంచినీళ్లు తెచ్చుకోవడాన్ని ఎవరూ దొంగతనం అననట్టే, దాన్నీ అనేవారు కాదు. ఆ వాడ మాది. అక్కడ సగం మంది మాకు చుట్టాలే. లెక్కలో ఉన్న ఇళ్లు కొన్నే, పోతున్న వీడియో మాత్రం బోలెడు. మిగతాది లెక్కలో లేని ఇళ్లకు పోతున్నదని సారు తీర్మానించుకున్నారు.

ఆ సాయంత్రమే మా వాడ కిరాణా కొట్టు ముందు బండి ఆపారు. మా మరిది అక్కడే స్తంభం కింద వైరు చుట్టుకుంటున్నాడు.

"ఎన్ని ఇండ్లకు గుంజినవ్ రా వైరు?"

"ఒక్క ఇంటికి సుత లేదు సారూ. కావాల్నంటే స్తంభం స్తంభం సూపిస్త, రాండ్రి."

"గోడ మీద ఎర్రగ కనవడుతుంటే స్తంభాలు నేనెందుకు సూడాలె? ఆఫీసు ఫోనిచ్చి పో. రేపటిసంది రాకు."

కొట్టు ముందు ఉప్పు, పప్పు కొనుక్కునేవాళ్లంతా చూస్తున్నారు. మా మరిది ఫోను ఇచ్చేసి, చుట్టిన వైరును స్తంభానికి తగిలించి ఇంటికి వచ్చాడు. పని పోయిందని కాదు అతని బాధ, స్తంభాలెక్కడం వచ్చినవాడికి పని ఎక్కడైనా దొరుకుతుంది. ఆ పేరు పడ్డాక వాడలో ఎలా నడవాలన్నదే అతని బాధ. కొట్టుకు వెళ్లడం మానేశాడు. బీడీ కట్ట కావాలన్నా అవతలి వాడకు పోయేవాడు.

మా తోటికోడలు నన్ను వదల్లేదు. "కొలిచేటాయన పక్కనే కూసుంటవ్ గద అక్కా. చాయ్ పోసుడేనా, జర ఒక్క మాట సెప్పరాదూ?"

మర్నాడు ఇంజనీరును అడిగాను. లెక్కలో ఉన్న ఇళ్లకు వెళ్లి ఎవరెంత చూస్తున్నారో కనుక్కుని వస్తాను, మీ ఎర్రదంతా వాళ్లదేనని తేలుతుంది కదా అన్నాను. అతనికీ నచ్చింది. "నేను వెళ్తే ఆడవాళ్లు తలుపు చాటు నుంచి మాట్లాడతారమ్మా. మీరైతే లోపల కూర్చుని అడగగలరు. నిన్న ఏం చూశారు, ఎంతసేపు చూశారు, అంతే అడగండి."

ఇంటింటికీ తిరిగాను. జాకెట్లు కుట్టే ఆమె మిషను ఆపకుండానే జవాబిచ్చింది. "మాకు టైమేడిది అక్కా? మెడ డిజైను కత్తిరిచ్చేది ఒకటి సూసిన. అదన్న సగమే. సగంల గిరాకొచ్చె."

మూల ఇంట్లో ముసలమ్మ నవ్వింది. "మనుమడు ఒగ్గు కథ వెట్టిపోతడు బిడ్డా. అటు డోలు మోగుడు, ఇటు నేను గుర్రు వెట్టుడు."

ఇంకో ఇంట్లో కొత్త కోడలు అత్త వినకుండా నా చెవిలో చెప్పింది. "సీరియలు నిన్నటిది చూసిన వదినె. మా అత్తతోని అనకు, గిన్నెలు కడిగిన అని చెప్పిన."

అన్నీ రాసుకున్నాను. నా అక్షరాలు ఇంకా పెద్దపెద్దగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. అయినా చదవగలిగేట్టు రాశాను. మరిదిని గట్టున పడేసే పని అదేనని గట్టిగా నమ్మి ఆ కాగితాలు ఇంజనీరు చేతిలో పెట్టాను. అతను కూడి చూసి, కాసేపు తల గోక్కున్నాడు.

"అమ్మా, వీళ్లు చూసేది చాలా తక్కువ. పోయేదేమో చాలా ఎక్కువ. మీరు తెచ్చిన లెక్కతో తేడా ఇంకా పెరిగిపోయింది."

వెనక నిలబడ్డ సారు పెద్దగా నవ్వారు. "ఇగ ఏం గావాలె? సొంత వదినెనే సాక్ష్యం జెప్పిపాయె."

ఆ మాట మా ఇంటికి నా కంటే ముందే చేరింది. మా మరిది కోప్పడలేదు. "మంచిగ అడిగొచ్చినవ్ వదినె," అన్నాడు అంతే. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ వెళ్లిపోయాడు. అక్కడ రైసు మిల్లుల్లో కెమెరాలు బిగించే స్నేహితుడున్నాడు. తోటికోడలు ఆ తర్వాత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఒకే వాకిట్లో ఉంటూ అట్లా ఉండటం ఎంత కష్టమో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇంజనీరు మాత్రం ఊరుకోలేదు. దొంగ వైర్లు ఉంటే కళ్లతో చూడాలి కదా అని నన్ను వెంటబెట్టుకుని మా వాడకు వచ్చాడు. స్తంభం స్తంభం వెతికాం. ప్రతి వైరూ లెక్కలో ఉన్న ఇంటికే పోతున్నది. ఎక్కడా అదనపు వైరు లేదు. ఎండలో తిరిగి తిరిగి జాకెట్లు కుట్టే ఆమె ఇంట్లో మంచినీళ్లు అడిగి కూర్చున్నాం. అప్పుడే కరెంటు వచ్చింది.

ఆమె మంచినీళ్ల చెంబు అతని చేతికిచ్చి, అటు నుంచి అటే కంప్యూటరు దగ్గరకు పోయింది. స్విచ్ వేసి, ఒక వీడియో తెరిచి ఆపింది. ఇంకొకటి తెరిచి ఆపింది. తర్వాత మరొకటి. అన్నీ అట్లా ఆపి పెట్టి పెరట్లోకి పోయి అంట్ల గిన్నెల ముందు కూర్చుంది. తెర మీద బొమ్మ కింద సన్నటి గీత మెల్లగా జరుగుతూ ఉంది.

ఇంజనీరు చెంబు దించాడు. "ఏమ్మా, చూడట్లేదా?"

"ఇప్పుడేడ సూస్త సార్? నింపుతున్న," అంది ఆమె పెరట్లోంచి.

"నింపడం ఏంటి?"

"గా గీత కొసదాంక నిండాలె గద. పొద్దువోయినంక సూస్త. అప్పుడు వెడితే తిరుగుడే తిరుగుడు. నల్లా వచ్చినప్పుడే వట్టుకోవాలె గని, బందయినంక మొత్తుకుంటె వస్తదా?"

"మరి ఇన్ని ఎందుకు తెరిచారు?"

"ఒక్క బిందెతోని ఇల్లు గడుస్తదా సార్?"

"ఇవన్నీ చూస్తారా?"

"బుద్ధయింది సూస్త. కడమయి బందు జేస్త."

"మధ్యలో కరెంటు పోతే?"

"పోతే ఏమున్నది? కరెంటు రాంగనే మళ్ల నింపుత. పొద్దుగాల్నుంచి గిది ఎన్నో నింపుడో నాకే ఎరుక లేదు."

అతను నవ్వడం మొదలుపెట్టాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆమె చేతులకు బూడిద ఉండగానే గుమ్మంలోకి వచ్చి, ఈయనకేమైందన్నట్టు నన్ను చూసింది.

"అమ్మా, మీరు తిరిగిన ఇళ్లలో కూడా ఇలాగే ఉందా?" అని నన్ను అడిగాడు.

"అన్ని ఇండ్లల్ల గంతే సారూ. మా ఇంట్ల సుత గంతే."

"మరి చెప్పలేదేంటమ్మా?"

"మీరు సూసుడు అడగమన్నరు. నింపుడు అడగమనలే."

నిజంగానే అది చెప్పవలసిన సంగతి అని నాకు తట్టలేదు. మా వాడలో నల్లా రోజూ రాదు. వచ్చినప్పుడు బిందెలు, బకెట్లు, చివరికి పప్పు వండే గిన్నె కూడా నింపుతాం. మొన్న పట్టినవి మిగిలి ఉంటే, మంచిగా ఉన్నా సరే పాత నీళ్లని వాకిట్లో చల్లేస్తాం, మళ్లీ కొత్తవి పడతాం. అట్లా చెయ్యని ఆడమనిషిని బద్ధకస్తురాలంటారు. వీడియో వచ్చినప్పుడూ అదే అలవాటు. ఆపి పెడితే మొత్తం వచ్చి నిలుస్తుందని ఎవరో ఒకరు కనిపెట్టారు, అది గోడలు దాటి ఇంటింటికీ పాకింది. నింపినదాంట్లో సగం ఎవరూ చూడలేదు. కరెంటు పోయి కొంత ఒలికిపోయింది, బుద్ధి పుట్టక కొంత పారబోశారు. కానీ ఆ ప్రతి బిందే కోదాడ నుంచి మా దాకా వచ్చినదే. లైను దాన్ని మోసింది, తెర దాన్ని ఎర్రగా కొలిచింది. అందరూ సాయంత్రం ఇబ్బంది తప్పించుకోవడానికి మధ్యాహ్నం నింపేవారు. అందరూ నింపడం వల్లే మధ్యాహ్నం కూడా ఇరుకయ్యేది. నిండనివి సాయంత్రం దాకా నిండుతూనే ఉండేవి.

"నేను పంపినదంతా చూసినట్టే అనుకున్నానమ్మా," అన్నాడతను దారిలో. "కొలత తప్పు కాదు. కొలిచింది దేన్నో మర్చిపోయాను."

ఆ మాట నాలో ఉండిపోయింది. చదవడం వచ్చిన కొత్తలో నేను పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేదాన్ని. ధరలు, పోయినవాళ్ల ఫొటోల కింద రాతలు, ఏదీ వదిలేదాన్ని కాదు. "ఏం రాసిండ్రు?" అని నా భర్త అడిగితే నోరు తెరిచేదాన్ని, ఒక్క ముక్కా గుర్తుండేది కాదు. కూడబలుక్కోవడంలోనే బలం అంతా పోయేది. ఎన్ని అక్షరాలు నా కళ్ల ముందు నుంచి పోయాయో ఎవరైనా కొలిస్తే నన్ను పెద్ద చదువరి అనేవారేమో. లోపల దిగినవెన్నో కొలిచే తెర మాత్రం లేదు. అది నన్ను అడిగితేనే తెలుస్తుంది. అడిగినా, ఏం అడగాలో అడిగేవాడికి తెలిసి ఉండాలి.

సారు అంత తొందరగా ఒప్పుకోలేదు. ఆడవాళ్ల కబుర్లు విని వచ్చారన్నారు. అప్పుడు ఇంజనీరు ఒక్క మధ్యాహ్నం నింపడం ఆపిద్దామన్నాడు. ఆ మాట నేను వాడలో చెబితే నా మీద పడ్డారు.

"నింపకుంటే ఎట్ల అక్కా? ఆగమైపోమా?"

"ముందు సారును లైను సక్కగ ఇయ్యమనుండ్రి, తర్వాత మాకు నీతులు చెప్పుండ్రి."

చివరికి జాకెట్లు కుట్టే ఆమే అందరి నోళ్లూ మూయించింది. "మన పిల్లగాని మీద దొంగ పేరువడె. ఒక్క దినం గిన్నెలు బోర్లిస్తే సావరు గని ఊకోండ్రి."

ఆ మధ్యాహ్నం కరెంటు వచ్చింది. వెనక గదిలో మేం ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. మా వాడ ఎర్రది లేవలేదు. నేల మీద పరిచిన దారంలా ఉండిపోయింది. సారు తెరను చూశారు, మిషన్ల వెనక్కి వెళ్లి తీగలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి వచ్చారు, మళ్లీ తెరను చూశారు. ఆ సాయంత్రం మా వాడ నుంచి ఒక్క ఫిర్యాదూ రాయలేదు నేను.

"పిలువమ్మా మీ మరిదిని. రేపటిసంది రమ్మను," అన్నారు.

ఫోనులో చెప్పే మాట కాదనిపించింది. బస్సులో నేరేడుచర్ల దాకా పోయి, అక్కడ షేరు ఆటో ఎక్కి మిర్యాలగూడ చేరాను. అతను రైసు మిల్లు గోదాములో కెమెరా బిగిస్తున్నాడు. తవుడు దుమ్ముతో కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. నీ తప్పు లేదని తేలింది, సారు రమ్మన్నారని చెప్పాను. ఎట్లా తేలిందని అడిగాడు. బిందెల సంగతి మొత్తం చెప్పాను. పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి, చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఎర్రది పెరిగింది, దొంగ అన్నడు. ఎర్రది తగ్గింది, రమ్మన్నడు. రేపు మళ్ల పెరిగితే?"

కనురెప్పల మీది తవుడు తుడుచుకున్నాడు.

"ఇన్నేండ్లు ఆయన తాననే ఉంటిగద వదినె. గోడను అడిగినట్టు నన్నొక్కసారి అడిగితే అయిపోవు."

"గిప్పుడు ఏమంటవ్ మరి?"

"ఏడ అన్నడో గాడనే సెప్పమను. నేనుండకున్నా పర్వాలేదు, ఆనాడు ఇన్నోళ్లు ఉండాలె."

ఆ మాట సారుకు చెప్పడానికి నాకు చాలా ధైర్యం కావలసివచ్చింది. భూములున్న ఇంటి మనిషికి మా వాడ నడిబొడ్డున నిలబడి తప్పైందనమని చెప్పడం ఊరికే అయ్యే పని కాదు. బల్ల దగ్గర నిలబడి, అతను అన్నది అన్నట్టే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. చాలా రోజులు ఆ ఊసే లేదు. ఇంజనీరు కోదాడ వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు లైను వెడల్పు చేశారు. కొత్త లైన్‌మన్ ఒకతను వచ్చాడు. ఇక అంతేలే అనుకున్నాను.

ఒక సాయంత్రం నేను కొట్టులో చింతపండు కొంటుంటే సారు బండి వచ్చి ఆగింది. దిగారు. కొట్టతనికి నమస్కారం పెట్టారు. ఎవరి ముఖమూ చూడకుండా, కానీ అందరికీ వినపడేట్టు అన్నారు.

"మొన్న గీడ నేనొక మాటన్న. అది తప్పు. ఆ పిల్లగాడు ఏ ఇంటికీ వైరు గుంజలే."

అక్కడే ఉన్న జాకెట్లు కుట్టే ఆమె నోరు ఆపుకోలేకపోయింది. "మాకు మొదలే ఎరుక సారూ. మీకే జర లేటుగ నిండింది."

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వబోయి, నవ్వలేక, బండెక్కి వెళ్లిపోయారు.

ఇంటికి పోయి మరిదికి ఫోను చేశాను. సారు ఏమన్నారని కాదు అతను ముందుగా అడిగింది. "ఎవలెవలు ఉండిరి గాడ?" అన్నాడు. ఒక్కొక్కరినీ ఇల్లు గుర్తు చెబుతూ చెప్పాను. "మూలింటి ముసలమ్మ ఉండెనా?" అన్నాడు. లేదు, కానీ నేనే వెళ్లి చెప్పి వచ్చానన్నాను. పక్కనే నిలబడ్డ తోటికోడలు నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

ఆ ఆదివారం వచ్చాడు. పనిలో చేరడానికి కాదు. మిర్యాలగూడలో పని కుదురుకుందని, భార్యాపిల్లల్ని అక్కడికే తీసుకుపోతానని చెప్పాడు. అన్నం తిని, తల దువ్వుకుని బయటికి నడిచాడు. గుమ్మంలో నిలబడి చూశాను. వాడ ఈ కొస నుంచి ఆ కొసకు, నడిమధ్యలో, ఏ పనీ లేకుండా మెల్లగా నడుస్తున్నాడు. ప్రతి ఇంటి ముందూ ఆగి, "నెట్ మంచిగొస్తున్నదా?" అని అడుగుతున్నాడు.